గోల్‌కీపరు ఆదివారం

వాటర్ పోలోల గోల్‌కీపరు పని ఏందంటే నిలబడుడు. హరిలాల్ సారు లెక్క అదే. "మిగిలినోళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకు ఈది ఈది సస్తున్నరు, మీరేమో దొరసానుల లెక్క ఒక్క కాడనే ఉంటరు" అని, ఆట అయిపోయి అందరు ఒళ్ళు తుడుచుకుంటుంటే గోల్‌కీపర్లిద్దర్ని మాత్రం మళ్ల నీళ్ళల్లకు తోలేటోడు. పుష్పలత, కమ్లి ఒకరి మొఖం ఒకరు చూస్కొని దుంకేటోళ్ళు. సారు చెడ్డోడు కాదు. ఇల్లందు దిక్కు తండాల పుట్టి, కష్టపడి కోచ్ అయిన మనిషి. పిల్లలు కడుపు నిండ తిన్నరా లేదా అని మెస్సుల నిలబడి చూసేటోడు. గని తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

నిలబడుడంటే ఏ నేల మీద? భద్రాచలం రోడ్డు మీదున్న ఆ క్రీడా హాస్టల్ స్విమ్మింగ్ పూల్ మొత్తం లోతే, అడుగు అందదు. గోడ పట్టుకోరాదు, గోలు కర్ర పట్టుకోరాదు. నడుము కింద రెండు కాళ్ళు కవ్వం తిప్పినట్టు తిప్పుతనే ఉండాలె. బంతి వస్తే నడుము దాక నీళ్ళల్లకెల్లి లేవాలె. జర ఊపిరి తీస్కుందామని కాళ్ళు ఆపితే ముక్కులకు నీళ్ళు. ఒడ్డు మీద కూసున్నోళ్ళకు తలకాయ, చేతులు కనపడ్తయి, గంతే. కష్టమంత కిందనే ఉంటది, అది ఎవరికి కనపడాలె?

రెండువేల ఎనిమిది ఎండాకాలం క్యాంపుకు హైదరాబాద్ నుంచి సుభాషిణి మేడం వచ్చింది. ఆటలాడేటోళ్ళ ఒంట్ల అలుపు ఎట్ల ఎక్కుతది, ఎట్ల దిగుతది అని పెద్ద చదువు చదువుతున్న మనిషి. ఆమె పెట్టెల ఛాతికి కట్టుకునే పట్టీలున్నయి. ఒక్కో పట్టీకి అగ్గిపెట్టెంత డబ్బ, నీళ్ళు పోకుంట ప్లాస్టిక్ చుట్టిన్రు. సెన్సర్లంటరు వాటిని. గుండె ఎంత జోరుగ కొట్టుకున్నది, ఒళ్ళు ఎంత కదిలింది, అన్ని అదే యాదికి పెట్టుకుంటది. ఆట అయినంక కంప్యూటర్‌కు తగిలిస్తే గీతలు గీతలుగ చూపిస్తది.

మేడం వచ్చిందే గోల్‌కీపర్ల కోసం. "వీళ్ళ కష్టం ఎవ్వరు సరిగ్గ కొలవలే సార్" అన్నది. సారు నవ్విండు. "కొలిచెటందుకు ఉండాలె గద మేడం" అన్నడు. వారం కొలిచినంక మాత్రం ఆ నవ్వు పోయింది. పుష్పలత గీత ఈతగాళ్ళ గీతలకు ఏం తక్కువ లేదు, కొన్ని కాడ వాళ్ళకంటే మీదికే ఉన్నది. సారు కంప్యూటర్ల తలకాయ పెట్టి చాలసేపు చూసి, "ఇగ మీరు ఎక్కువ ఈదుడు బంద్" అన్నడు. మూడే కాళ్ళన్న మనిషి నాలుగో కాలు ఒప్పుకున్నడంటే మాటలా?

ఆ రోజు పుష్పలతకు మేడం కాళ్ళు మొక్కాలనిపించింది. కనపడని కష్టాన్ని కండ్ల ముందట పెట్టింది గదా. ఒక్క మనిషి నువ్వు అలిసినవని అంటే ఇంత పాణం లేచొస్తదని ఆ పిల్లకు అప్పటిదాక తెల్వదు.

రాష్ట్ర జట్టు సెలక్షన్ దగ్గరికొచ్చింది. హాస్టల్ నుంచి ఒక్క గోల్‌కీపర్నే తోల్కపోవాలె. పుష్పలతనే అని సారు మనసుల ఉన్నది, అందరికి ఎరుకే. పుష్పలతకైతే రాత్రింబగళ్ళు అదే ధ్యాస. గిప్పుడు పోకుంటే వచ్చే ఏడు వయసు దాటిపోతది, ఇగ ఆ జట్టు మొఖం చూసుడు ఉండదు.

శనివారం నాడు మేడం ఆమెకు పట్టీ ఇచ్చి, "ఆరాం రోజు కూడ కొలవాలె. ఇప్పుడే కట్టుకొని, రేపు పొద్దుగూకేదాక ఒంటి మీదనే ఉంచుకో" అన్నది. సారు ఇంకో మాట కలిపిండు. "ఇంటికి పోతే పో. గని ఇది ఆకు సీజను. అడివిల కాలు పెట్టకు. తునికాకు ఒక్కటి తెంపినా నాకు తెలుస్తది. ఇంట్ల పండుకో, తిను, రా. ఒంట్ల అలుపు పెట్టుకొని పెద్ద ఆటకు పోతే భుజమో మోకాలో పోతది. నా మీద ఒట్టు."

"ఒట్టు సార్" అన్నది పుష్పలత.

వాళ్ళది పినపాక దాటినంక లోపల ఊటవాగు గుంపు. పదిహేను ఇరవై కోయ ఇండ్లు, అటెన్క అడివి. నాయన బొజ్జయ్య బీడీ ఆకు ఎండేసే కల్లం కాడ కావలి ఉంటడు, సీజనంత ఇంటికి రాడు. ఇంట్ల కన్న అవ్వ ముత్తక్క ఒక్కతే. బస్సు దిగి నడిచి ఇల్లు చేరేవరకే పుష్పలత ఒళ్ళు కాలిపోతున్నది. ముత్తక్క నుదుటి మీద చెయ్యి పెట్టి, "అయ్యో బిడ్డా, పెనం లెక్క ఉన్నవ్" అని, ఉరికి సబ్‌సెంటర్ నర్సమ్మను తోల్కొచ్చి సూది వేయించింది, గోలీలు తీస్కున్నది. జావ తాపుతుంటే ఛాతి మీది పట్టీ కనపడ్డది.

"ఇదేందే, తాయెత్తా?"

"కాదవ్వా. నేను ఎంత కష్టపడ్తున్ననో ఇది కొలుస్తది."

"కొలిచి ఏంజేస్తరు?"

"సారుకు చూపిస్తరు. దాన్నిబట్టే నన్ను పెద్దాటకు తోల్కపోయేది, తోల్కపోనిది. రేపు పొద్దంత ఒంటి మీద ఉండాల్నట." గోలీల మత్తుల గంత చెప్పి పండుకున్నది.

ఆదివారం పుష్పలతకు తెలిసి జరిగింది శాన తక్కువ. ఒకసారి లేసి పక్కన పెట్టిన జావ తాగింది. అవ్వా అని పిలిస్తే ఎవ్వరు పలకలే. మళ్ల నిద్ర. పొద్దు వాలినంక చెమట పట్టి జరం దిగింది. చూస్తే పట్టీ ఒంటి మీదనే ఉన్నది. కాకపోతే ఎన్క కొక్కెం పెట్టకుంట ముడేసి ఉన్నది. ఊపిరాడుతలేదని అవ్వ వదులు చేసి మళ్ల కట్టి ఉంటది అనుకున్నది. సోమవారం మొదటి బస్సుకు హాస్టల్ చేరింది. జరం వచ్చిన ముచ్చట సారుకు చెప్పలే. చెప్తే యాడ తీసేస్తడో అని భయం.

ఆ పొద్దున్నే సారు ఆఫీసుకు పిలిచిండు. పుష్పలత ఇచ్చిన పట్టీ అప్పటికే కంప్యూటర్‌కు తగిలించి ఉన్నది. మేడం కంప్యూటర్ ఇటు తిప్పింది.

"ఇది నీ ఆదివారం. తెల్లారకముందే మొదలైంది. వంగుడు, లేసుడు, వంగుడు, లేసుడు. మధ్యల గుట్ట ఎక్కినట్టున్నది. మోత మోసినట్టున్నది. నువ్వాడిన ఏ మ్యాచ్‌ల కూడ ఇంత కష్టం పడలే. ఏం చేసినవమ్మా?"

"పండుకున్న మేడం" అన్నది పుష్పలత.

సారు బల్ల మీద చెయ్యి కొట్టిండు. "పండుకుంటే గిట్ల వస్తదా? నేను తండాల పుట్టలేదా, మా అమ్మ ఆకు తెంపలేదా? ఆ వంగుడు చూస్తే నాకు తెల్వదా? ఆకు తెంపినవ్, కట్టలు కట్టినవ్, కల్లానికి మోసినవ్. నా మీద ఒట్టేసి పోయి నా మొఖం మీద అబద్ధం ఆడుతున్నవ్!"

"నిజంగ పండుకున్న సార్. జరమొచ్చింది."

"ఓహో, ఇప్పుడు జరం కూడ వచ్చిందా?"

పుష్పలతకు ఏడుపు ముంచుకొచ్చింది. తను మంచం దిగలే. మరి ఆ గీత ఎవరిది? మిషనుకు దయ్యం పట్టిందా? అని అనుకుంటుండంగనే ఎన్క వేసిన ముడి యాదికొచ్చింది. తునికాకు కట్టకు నారతోని వేసే ముడి అది. ఆ గుంపుల అందరికంటే గట్టిగ వేసేది ముత్తక్క. పిలిస్తే పలకని అవ్వ. దీన్నిబట్టే తోల్కపోతరని తన నోటితోనే చెప్పిన మాట. అన్ని ఒక్కసారే అర్థమైనయి.

చెప్పెయ్యొచ్చు. "నేను కాదు సార్, మా అవ్వ" అంటే అయిపోతది. గని నోరు రాలే. కిందటేడు సర్కారు కరువు పని కాడ, తవ్విన గుంత కొలత తేడా వచ్చిందని ఎవరో ఆఫీసరు పదిమంది ముందట ముత్తక్కను నిలబెట్టి దొంగలెక్కలు పెట్టినవని తిట్టిండు. తిట్టినంతసేపు అవ్వ తల ఎత్తలే. పుష్పలత పక్కనే ఉన్నది. ఇప్పుడు సర్కారు మిషన్ల దొంగ కొలత పెట్టిందని ఇంకోసారి అవ్వ తల దించుకోవాల్నా? నిండ మునిగినంక చలేంది, అనుకున్నది.

"అవ్ సార్. ఆకుకు పోయిన" అన్నది.

సారు అప్పుడు అరవలే. అరిస్తే నయముండు. కుర్చీల ఎన్కకు ఒరిగి, "పో బిడ్డా. కమ్లి వస్తది సెలక్షన్‌కు" అన్నడు. మేడం మాత్రం ఆ గీత దిక్కే చూస్తున్నది. "గుండె కూడ నీ లెక్క కొట్టుకోలేదమ్మా ఆ రోజు, అదే నాకు సమజైతలేదు" అన్నది. పుష్పలత నిలబడలే, బయటికి ఉరికింది.

రెండు రోజులు ఆ పిల్ల నోట్లె మెతుకు పోలే. కమ్లి పక్కన కూసొని, "నీ జాగల పోవుడు నాకు మనసొప్పుతలేదే. సారును మళ్ల అడుగు" అన్నది. పుష్పలత తల అడ్డంగ ఊపింది. ఆటకు పోతనన్న ఆశ పోయింది, అది ఒక బాధ. సారు దృష్టిల అబద్ధాలకోరు అయ్యింది, అది ఇంకో బాధ. అయినా అవ్వ మీద కోపం రాలే. రమ్మన్నా రాలే. ఆదివారం ఇంట్ల జరంతోని ఉన్న పిల్లను చూస్కుంట, అడివికి పోయి, కట్టలు మోసి, పట్టీ ఎట్ల ఉండేనో అట్ల మళ్ల కట్టి, చెప్పకుంట ఊకున్నది. ఏం మనిషివే అవ్వా నువ్వు, అని లోపల్లోపలే అనుకున్నది.

బుధవారం పగటిపూట ముత్తక్క హాస్టల్‌కు దిగింది. ఆ రోజు కల్లం బంద్. చేతిల మొర్రిపండ్ల మూట, కాళ్ళ నిండ దుమ్ము. బిడ్డకు జరం మళ్ల తిరిగి రాలేదు గదా అని చూసిపోదామని వచ్చింది. గేటు కాడ ఎవరో చూపిస్తే సక్కగ ఆఫీసు రూముకే పోయింది. లోపల సారు, మేడం ఉన్నరు. పుష్పలత కిటికీలకెల్లి చూసి, ఉరికొచ్చేవరకే ముత్తక్క నోరు తెరిచింది.

"దండాలు సారూ. ఆదివారం కొలత సరిపోయిందా?"

"ఏం కొలత అక్కా?" అన్నడు సారు.

"అదే సారూ, పట్టీ కొలత. పిల్లకు జరం, లేవలే. ఎంత కష్టపడ్తే గంత రాస్కుంటదట, దాన్నిబట్టే తోల్కపోతరట. మరి ఉత్తగ పండుకున్నదని రాస్తే మీరు పేరు కొట్టెయ్యరా? గందుకని దాని వంతు నేను చేసిన." ముత్తక్క ఏదో మంచి ముచ్చట చెప్తున్నట్టే చెప్పింది. "మాకు పని కాడ గంతే గదా. ఒకరికి పాణం బాగలేకుంటే ఇంట్లోళ్ళు వాళ్ళ గుంత తవ్వాలె. లెక్క చూసే మేటు వచ్చి టేపు పెడితే కొలత తక్కువ రావద్దు. ఆదివారం నేను జర ఎక్కువనే చేసిన. కట్టలు మోసేటప్పుడు కూడ ఇప్పలే. సరిపోకుంటే చెప్పున్రి, ఇంకో దినం కట్టుకుంట. బిగుతుగుంటది గని ఫర్వాలే."

మేడం తెరిచిన నోరు తెరిచినట్టే ఉన్నది. సారు మెల్లగ లేసి నిలబడ్డడు. తలుపు కాడ నిలబడ్డ పుష్పలత దిక్కు చూసిండు.

"మరి నువ్వెందుకు ఒప్పుకున్నవే, నువ్వే పోయినవని?"

"మా అవ్వను ఏమన్న అంటరేమోనని సార్."

"ఏందే, నువ్వు పోయినవని చెప్పినవా?" ముత్తక్క బిడ్డ మీదికి గయ్యిమన్నది. "జరంతోని పండుకొని ఆకుకు పోయిన అంటవా? తెలివి ఉన్నదా? సారు నమ్మిండా? ఎట్ల నమ్మిన్రు సారూ?"

సారుకు నవ్వాల్నో ఏడవాల్నో తెల్వలే. "నిజం చెప్తే నమ్మలే అక్కా, అబద్ధం చెప్తే నమ్మిన. గంత తెలివిగల్లోణ్ణి నేను" అన్నడు. తర్వాత కుర్చీ జరిపి ముత్తక్కను కూసోమని, నిదానంగ చెప్పిండు. "మేం ఎక్కువ కోసం చూడలే అక్కా. తక్కువ ఉండాలని చూసినం. పిల్ల ఆదివారం ఎంత తక్కువ కష్టపడితే గంత మంచిది."

ముత్తక్క నమ్మలే. "తక్కువనా? తక్కువ చేస్తే మంచిదని కొలిచేటోళ్ళను నేను పుట్టినకాంచి చూళ్ళే" అన్నది. అంతల్నే మొఖం వాడిపోయి, "అయితే నేను బిడ్డ పని ఖరాబ్ చేసిననా?" అన్నది.

పుష్పలత ఇగ ఆగలే. వచ్చి అవ్వ మెడ చుట్టు చేతులేసింది. "ఏం ఖరాబ్ చెయ్యలే అవ్వా. నువ్వు చేసినంత నాకోసం ఎవ్వరు చెయ్యరు" అన్నది. సారు ఉన్నడు, మేడం ఉన్నది అని కూడ చూళ్ళే.

మేడం కంప్యూటర్ తెరిచి ఆ గీత ముత్తక్కకు చూపించింది. "ఇది మీది అమ్మా. మీ బిడ్డ పెద్ద మ్యాచ్ ఆడి, అదే రోజు ఇంకో మ్యాచ్ ఆడితే ఇంత అయితది."

"అవునా?" అని ముత్తక్క జరంతసేపు చూసి, "ఆదివారం ఆకు తక్కువ దొరికింది మేడం. లేకుంటే ఇంక మీదికి పోయేది" అన్నది. సారు మొఖం అటు తిప్పుకున్నడు.

జరం వచ్చిన ఒళ్ళు, చూడకుంట సెలక్షన్ మాటివ్వనన్నడు సారు. నాడి చూపించి, పిల్ల తేరుకున్నదని దవాఖానా డాక్టరు చెప్పినంక ఆ సాయంత్రమే పూల్ కాడికి రమ్మన్నడు. ముత్తక్క ఒడ్డు మీద నిలబడ్డది. బిడ్డ ఆడుతదని వినుడే గని ఆమె ఎన్నడు చూళ్ళే. పుష్పలత నీళ్ళల్లకు దిగి, గోలు ముందటికి పోయి, చేతులు రెండు పైకి లేపింది.

ముత్తక్క ఒంగి నీళ్ళల్లకు చూసింది. "సారూ, ఆడ నేల ఉన్నదా?"

"లేదక్కా. నీ ఎత్తుకు రెండింతలు లోతు."

"మరి దేని మీద నిలబడ్డది?"

"కాళ్ళ మీదనే. తిప్పుతనే ఉండాలె. ఆట అయ్యేదాక ఆపరాదు."

ముత్తక్కకు అప్పుడు కనపడ్డది. నీళ్ళ కింద బిడ్డ కాళ్ళు తిరుగుతున్నయి, ఆగుతలెవ్వు. కమ్లి మొదటి బంతి ఇసిరింది, గట్టిగనే ఇసిరింది, దోస్తని ఏం దయ చూపలే. పుష్పలత నడుము దాక లేసి అడ్డుకున్నది. ఇంకో బంతి, ఇంకో బంతి. ఒకటి మొఖానికే తగిలి, "అమ్మో" అని ముత్తక్క మెట్టు దిగబోయింది. సారు చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఒక్కదాన్నే నిలబెట్టిన్రేంది సారూ? ఇంకొకరు సాయం పోరాదా?"

"పోరాదక్కా. గోలుకు ఒక్కరే."

"అలిసిపోతే? జర సేపు దాని వంతు ఇంకెవరన్న చేసుడు ఉండదా?"

"ఉండదక్కా. ఆడ ఎవరి వంతు వాళ్ళే చెయ్యాలె. నువ్వు పోరాదు, నేను పోరాదు."

ముత్తక్క ఎన్నో ఏండ్లకెల్లి ఇంటిల్లిపాది వంతు తన వంతే అనుకున్న మనిషి. చేతులు చీరకు తుడుచుకున్నది. మళ్ల తుడుచుకున్నది. ఏం చెయ్యాల్నో ఆ చేతులకు తెల్వలే.

చీకటి పడకముందే సారు విజిల్ ఊదిండు. ఒడ్డు మీదికెల్లి గట్టిగ కేకేసిండు. "పుష్పా! సోమవారం సెలక్షన్‌కు బస్సు. రెండు జతల బట్టలు పెట్టుకో. ఈ ఆదివారం మాత్రం ఇంటికి పోవుడు లేదు, ఈడనే పండుకునుడు!" కమ్లి నీళ్ళల్లనే చప్పట్లు కొట్టింది. పుష్పలత కండ్లల్లకెల్లి కారేది పూల్ నీళ్ళో కాదో ఎవ్వరికి తెల్వలే. ఆమెకు అందరికి దండం పెట్టాలని ఉన్నది. కొలిచిన మేడంకు, ఒప్పుకున్న సారుకు, గట్టిగ బంతులు ఇసిరిన కమ్లికి. అందరికంటే ముందు ఒడ్డు మీది మనిషికి.

"నేనేం చెయ్యాలె బిడ్డా?" ముత్తక్క నీళ్ళ దిక్కు ఒంగి అడిగింది. "చెప్పు, నేనేం చెయ్యాలె ఇప్పుడు?"

"ఏం చెయ్యకవ్వా. కూసో."

"ఉత్తగనా?"

"ఉత్తగనే. నన్ను చూసుకుంట కూసో."

ముత్తక్క ఇటు చూసి అటు చూసి, మెట్టు మీద కూసున్నది. రెండు చేతులు ఒళ్ళె పెట్టుకున్నది. తనకు ఊహ తెలిసినకాంచి అవ్వ ఉత్త చేతులతోని కూసునుడు పుష్పలత ఎన్నడు చూళ్ళే. ఇంకో నాలుగు బంతులు ఇసురుమని కమ్లిని బతిమిలాడింది. అవి అయిపోతే అవ్వ లేస్తదని.